సింగూరు ఆదివారం

కరెంటు బిల్లు వెనక
రాజమల్లు లెక్క రాస్తుండు:
వ్యాను కిరాయి, నాలుగు గాలాలు,
పిల్లలకు టోపీలు, పులిహోర.
"చేపలకు పోతూ పులిహోరా?"
"పడకుంటే ఏం తింటవ్?" అన్నది యశోద.

బోరబండ రెండో అంతస్తుల
ఎర్రలు యాడ దొరుకుతయని పంచాయితి.
కూలర్ కింద తడి కుండీ యాదికొచ్చి
చిన్నది చెంచా పట్టుకొని ఉరికింది.

వల అల్లిన వేళ్లతో
దుప్పటి అంచుకు ముడులేసుకుంట
పోశవ్వ ఒక్కటే అడిగింది:
"ఆ దినం గాలి ఎటుంటదిరా?"

ఫోన్ల చూసి ఎవరో పడమరన్నరు.
"అట్లయితే కట్టకాడ కూసునుడు దండుగ.
ఆవలి గడ్డకు పోవాలె."

రాజమల్లు ఒక టోపీ కొట్టేసి
వ్యానుల ముందు సీటు అని రాసి
పక్కన 'అవ్వ' అని పెట్టిండు.

ఫ్రిజ్జుల, పెరుగు గిన్నె పక్కన,
ఐస్‌క్రీం డబ్బాల
మట్టి మెల్లగ మెసులుతున్నది.