ఎడమకు తోస్తే కుడికి

ఇరవై ఆరేండ్లు
అలిపిరి నించి కొండకు బస్సు తోలిన చేతులివి.
ఈ పొద్దు భీములవారిపాళెం రేవులో
ఒక కర్రముక్క ముందర
బడికి కొత్తగా వచ్చిన పిల్లోళ్ళ మాదిరి కూర్చోనుండాయి.

కన్ను పరీక్షలో తప్పినాక
హెవీ లైసెన్సు బీరువాలో పడుకునింది.
దీనికి లైసెన్సు అడగరని ఎవరో చెప్తే
తొలి బస్సు పట్టుకోని తడకొస్తిని.

ఇద్దరికే చోటుండే పసుపుపచ్చ ఫైబరు పడవ.
ఒకే చాప.
దాని మీద ఎర్ర నూలుపోగు ఒకటి
పాపిట్లో రిబ్బను మాదిరి ఎగరతా ఉంది.
నారింజరంగు జాకెట్టు నా బొజ్జ కాడ మూసుకోలేదు.
సెల్వి నవ్వలేదు. తాడు తెచ్చి కట్టింది.
పంతొమ్మిదేండ్లుంటాయేమో ఆ పిల్లకు.
పులికాటు బురదంతా పాదాల్లో ఎక్కించుకోని పుట్టింది.

"తాతా, కర్ర ఎడమకు తొయ్యి."
తోస్తిని.
పడవ కుడికి పాయె!
"కుడికి పోవాలంటే ఎడమకే తొయ్యాల"
అని అప్పుడు చెప్పింది.

"బ్రేకు యాడుంది మే?"
"లేదు తాతా.
చేతిలో తాడు వదిలెయ్. అదే బ్రేకు."

వదిలెయ్యడం బ్రేకా?
ఆపాలంటే తొక్కిపట్టడమే తెలిసినోణ్ణి,
పండ్లు కొరికి,
పిక్క నరం బిగబట్టి,
వెనక నలభై ఆరు మంది గోవిందా అంటా ఉంటే.

ఇంకోటి కూడా చెప్పింది.
గాలి యాడ్నించి వస్తా ఉందో
ముందు నీ చెవులకు తెలియాల అని.
బస్సులో మనం పోతే గాలి వచ్చేది.
ఇక్కడ గాలి వస్తేనే మనం పోయేది.
ఇంత చిన్న సంగతికి
చెవులు రెండూ అరవై ఏండ్లు కాచుకోనుండాయి.

ఇరకం దీవి చూపించి, అక్కడికి పోదామంటిని.
సముద్రం గాలి సరిగ్గా మూతి మీదికి కొడతా ఉంది.
"ఎదురుగాలికి నేరుగా పోలేం.
ఇట్ల కొంచెం, అట్ల కొంచెం.
మలుపుకో మలుపు."
ఓహో.
ఇది నాకు తెలుసు మే! అని అరిస్తిని.
కొండను ఏ బండయినా నిటారుగా ఎక్కిందా?
కావాల్సిన చోటికి వీపు తిప్పి
కొంత దూరం పోతేనే కదా
ఆ చోటు దగ్గరయ్యేది.

మొదటి మలుపులో అడ్డకర్ర
నెత్తి మీద ఒకటిచ్చింది.
"తలకాయలు లోపల పెట్టుకోండి సామీ"
అని కండక్టరు మునెప్ప రోజుకు వందసార్లు అరిచేవాడు.
ఆ మాట ఈ పొద్దు నాకు తగిలింది.
రెండో మలుపులో పడవ నడిమధ్య మొండికేసింది.
చాప ఉతికి ఆరేసిన పంచె మాదిరి
టపటప కొట్టుకుంటా ఉంది, అంతే.
మూడోది బాగా తిరిగింది.
నేనే తిప్పినా.
సెల్వి ఏమీ అనలేదు, అది నాకు చాలు.

అప్పుడొచ్చింది ఒక విసురుగాలి.
"వదులు తాతా, వదులు!"
చెయ్యి వదల్లేదు.
బిగబట్టింది. దానికి తెలిసిందదే.

ఆకాశం పక్కకు పాయె.
నోట్లో ఉప్పు, ముక్కులో బురద.
"ఈత రాదు మే! సెల్వీ! ఈత రాదు!"

తిరగబడిన పడవ పలక మీద
మిట్టెక్కినంత సులువుగా నిల్చోని
పాదం కూడా తడవకుండా అనింది:
"తాతా, లేచి నిలబడు."

నిలబడితిని.
నడుము దాకే ఉంది చెరువు.
దూరాన ఫ్లెమింగోలు
తల కూడా ఎత్తకుండా మేస్తా ఉండాయి.

"పలక మీద బరువెయ్" అనింది.
బొజ్జంతా ఆనిస్తిని.
నీళ్ళు కారుస్తా చాప లేచొచ్చింది,
నిద్ర లేచిన ఎనుము మాదిరి, నిదానంగా.

తిరుపతికి వెనక్కొచ్చే బస్సులో
డ్రైవరు వెనక సీటే నాది.
కాళహస్తి దాటినాక ఒక మలుపు.
ఒళ్ళో ఉన్న నా చెయ్యి
కుడి మలుపుకు ఎడమకు తోసింది.
అద్దంలో చూసినాడు వాడు.
"ఏం పెద్దాయనా, గుడ్డలన్నీ తడిసినాయే?"

"నిలబడితే నడుము దాకే నాయనా" అంటిని.

వానికేం అర్థమవుతుంది.
గేరు మార్చినాడు.