మధ్యలో ముడి

రిచీ స్ట్రీట్‌లో బేరమాడి కొన్నాను,
రెండు తలల కేబుల్.
ఏ కొస చూసినా ఒకటే మొహం.
నడుమ మాత్రం బొటనవేలంత నల్లటి ఉబ్బు.
"పాము కప్పను మింగినట్టుందే" అన్నారు గజలక్ష్మి గారు.

ట్రిప్లికేన్‌లో ఆవిడ ప్రెస్సు.
మెట్ల కింద పాత కంప్యూటరు,
తొమ్మిది రోజులుగా ఆపలేదు.
ఆపితే డిస్కు మళ్ళీ తిరగదని భయం.
లోపల ఎవరో వక్కలు కొరుకుతున్నట్టు
టకటక, కాసేపు ఏమీ లేదు,
టకటక.
ఇరవై రెండేళ్ళ శుభలేఖలు అందులో,
పెద్దకర్మ కార్డులు,
అప్పడాల ప్యాకెట్ల మీది రాతలు.
రెండు జీబీలు. ఫ్లాపీలకెక్కిస్తే పద్నాలుగు వందలు.
నెట్‌వర్క్ కార్డు నవంబరు పిడుగుకే పోయింది,
సీడీ డ్రైవు తెరిచిన నోరు మూయడం లేదు.

పక్కన నా ల్యాప్‌టాప్ పెట్టాను.
మామూలు తీగ ఈ రెంటినీ కలపలేదు.
యూఎస్‌బీలో ఒకరు దొర, మిగిలినవాళ్ళు బంట్లు.
మౌసు బంటు, ప్రింటరు బంటు,
పిలిస్తేనే పలుకుతాయి.
కంప్యూటరుకు పిలవడం ఒక్కటే తెలుసు.
ఇద్దరూ అందలమెక్కితే మోసేదెవరు?
ఆ ఉబ్బులో కూచున్న చిప్పు మోస్తుంది.
ఇటు తిరిగి చిత్తం,
అటు తిరిగి చిత్తం.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
నాకు ఆ బతుకు కొంచెం తెలుసు.

నా లినక్స్ గుచ్చగానే గుర్తుపట్టింది.
ఎవరో, ఎక్కడో, ఏ రాత్రో
ఈ చిప్పు మర్యాదలన్నీ ఓపిగ్గా కనిపెట్టి
కెర్నెల్‌లో రాసిపెట్టి నిద్రపోయారు.

పాత విండోస్ గుమ్మంలోనే నిలబెట్టింది:
కొత్త హార్డ్‌వేరు కనబడింది, డ్రైవరేడీ?
వేదాచలం ఒకప్పుడు ఆటో తోలాడు,
"నేనున్నానని చెప్పండి" అని నవ్వాడు.
మళ్ళీ తనే,
"మనిషి కనబడుతున్నాడు గదా,
భాష రాకపోతే తలుపు తీయదా?"
తీయదు.

ఎదురు జెరాక్స్ కొట్టు బషీర్
అటక మీంచి ఫ్లాపీ డ్రైవు దించాడు.
దుమ్ము ఊది, తొంభై కేబీలు ఎక్కించాను.
ఆ భాష మొత్తం అంతే,
శుభలేఖ మీది వినాయకుడి బొమ్మలో
తొండమంత కూడా ఉండదు.

ఫ్లాపీ గురకపెట్టి గురకపెట్టి ఒప్పుకుంది.
ఆనక అడగకూడనిది అడిగింది:
ఇప్పుడు రీస్టార్ట్ చేయమంటారా?

గజలక్ష్మి గారు కుర్చీ అంచు పట్టుకున్నారు.
కరెంటు తీయను, డిస్కు తిరుగుతూనే ఉంటుందన్నాను.
నా గొంతు నాకే నమ్మకంగా లేదు.
సరిగ్గా అప్పుడే వీధి వీధంతా కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటోంది.
నొక్కాను.
నల్ల తెర.
నల్ల తెర.
టకటక.
వక్కలు కొరికే ఆ చప్పుడు
ఎంత తీపో అప్పుడు తెలిసింది.

ఉన్నావా, అంది నాది.
ఉన్నాను, అంది పాతది.
రెండు మిల్లీసెకన్లు.

"యూపీఎస్ పది నిమిషాలే. ముందేది లాగను?"
పెళ్ళిళ్ళంటారనుకున్నా.
ఆవిడ అప్పడాలన్నారు, సోమవారం డెలివరీ.
వేదాచలం అడ్డుపడ్డాడు:
"ముందు అక్షరాలు తీయండి సార్.
ఫాంటు పోతే
ఉన్నవన్నీ పిచ్చి గీతలే."

నిజమే. తమాషాకి ఒక శుభలేఖ తెరిచాను,
పెళ్ళికూతురి పేరున్న చోట
రెండు డాలరు గుర్తులు, ఒక సున్నా, తలకిందుల ప్రశ్న.
ఫాంటు దిగాక మళ్ళీ తెరిస్తే
చి. ల. సౌ. కనకదుర్గ,
తలకట్లతో సహా.

కరెంటు వచ్చింది.
గంట పట్టింది మిగతాదంతా.
ఊడదీసేటప్పుడు ముడి వెచ్చగా తగిలింది చేతికి.
ఫ్లాపీ మీద వేదాచలం
నీలం స్కెచ్‌తో "డ్రైవరు" అని రాసి,
కింద తన పేరూ రాసుకున్నాడు.

"ఇంక ఆపేయొచ్చు" అన్నాను.
ఎవరూ లేవలేదు.
టకటక.
గజలక్ష్మి గారు కాఫీ చెప్పారు, నలుగురికి.
మేము ముగ్గురమే.