ఏడో నంబరు ఫైలు

మూడో అంతస్తులో కిటికీలు తెరవరు.
తెరిస్తే బొగ్గు పొడి వచ్చి
జీడిపప్పు ప్లేటు మీద వాలుతుంది.
అద్దంలోంచి మాత్రం డాల్ఫిన్ నోస్ కనిపిస్తుంది.
లోపల ఎవరి గురించి ఏం మాట్లాడినా
అది అటు తిరిగి పడుకున్నట్టే ఉంటుంది.

నేను స్టెనోని.
మాట్లాడేవాళ్ళు నలుగురు. రాసుకునేవాణ్ణి ఒక్కణ్ణి.
నాకు ఓటు లేదు, పెన్సిలుంది.

ఏడో నంబరు, గరికిన నూకరత్నం.
సర్వే లాంచి మీద పదకొండేళ్ళు.
ఓడలొచ్చే దారిలో నీరెంతుందో కొలిచే పని.

ఆ తుఫాను మర్నాడు
మిషను లోతుందంది.
ఈమె గుండు తాడు దించి, పైకి లాగి,
అంటుకున్న ఇసుకని వేళ్ళ మధ్య నలిపి
"కాదండి, మేటేసింది, ఓడనాపండి" అంది.
ఆపారు.
అక్కడ డ్రెడ్జరు ఎత్తిన ఇసుకంతా
నలభై మూడో పేజీలో ఉంది.
ఆ పేజీ దాకా ఎవరూ తిప్పలేదు.

"సముద్రం వాళ్ళకి రక్తంలోనే ఉంటుందండీ,"
ఒకాయన మెచ్చుకుంటూనే అన్నారు.
ఎనిమిదో నంబరు కుర్రాడి తండ్రి ఇంజినీరు,
తాత ఇంజినీరు.
అతనికి వచ్చింది మాత్రం ప్రతిభ.

"ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా."
"కింద వాళ్ళు మాట వినాలి కదా."
"ఇంటర్వ్యూలో 'ఏటండి' అంది, విన్నారా?"
నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు,
చంటిపిల్ల ముద్దుమాటకి నవ్వే నవ్వు.
ఆమెకి నలభై ఒకటి.

"మంచి మనిషి పాపం.
మొన్న మా ఇంటికి టైగర్ రొయ్యలు తెప్పించింది,
ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు," అన్నారు మేడమ్.
అందరూ ఔనన్నారు. అందరిళ్ళకీ వెళ్ళాయట.
పదకొండేళ్ళ సర్వీసులో
అందరికీ గుర్తున్నవి ఆ రొయ్యలే.

"ఇది మినిట్స్‌లో వద్దులే."
రాయలేదు.
"ప్రస్తుతానికి తగినట్టు కనబడలేదు, అని రాయి."
రాశాను.
కనబడలేదు.
ఆ పేజీలో అదొక్కటే నిజం.

నాది బొబ్బిలి అవతల చిన్న ఊరు.
చేరిన కొత్తలో సూపర్నెంటు
"ఎల్తానేంటయ్యా, నోరు తిరగదా" అన్నాడు.
ఆ రాత్రి లాడ్జి గది అద్దం ముందు
వెళ్తాను, వెళ్తాను, వెళ్తాను.
ఇరవై రెండేళ్ళుగా నా నాలుక
ఇస్త్రీ చేసిన చొక్కా, మడత నలగదు.
ఊరేదంటే వైజాగే అంటాను.
రెండు ప్రమోషన్లు వచ్చాయి.

ఐదున్నరకి జెట్టీ మీదుగా వస్తుంటే
లాంచి కట్టేస్తూ కనిపించింది.
చేతిలో తడి తాడు,
బారకో ముడి, ముడికో ఎర్ర పీలిక.
"ఏటైనాది సారూ?"

ఇంకా తెలియదమ్మా, అందామనుకున్నాను.
అది గొంతులో ఎక్కడో తట్టుకుని
ఇంకేదో బయటికొచ్చింది.
"నాకేటి తెల్దమ్మా. ఇంకా ఏటీ సెప్పనేదు."

ఇన్నేళ్ళకి నోటికొచ్చిన మా అమ్మ మాట
వస్తూనే అబద్ధమాడింది.

ఆమె చుట్టడం ఆపి
నీళ్ళని చూసినట్టు
నా మొహంలోకి కాసేపు చూసింది.
"మీదే ఊరు సారూ?"

గేటు బయట కాన్వెంట్ జంక్షన్ బస్సు
రెండోసారి హారన్ కొట్టింది.