లోపల మడిచిన గుడ్డ

మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో
మెట్ల కింద ఇరుకు కొట్టు నాది.
వీధందరి నడుములూ నాకు నోటికొచ్చు.
అంకెలు చెరిగిపోయి ఇప్పటికి మూడు టేపులు మార్చాను.
నా నడుముకి మాత్రం టేపు చుట్టింది
షుగరు అంచున ఉన్నావని డాక్టరు అన్న రోజే.

డెబ్బై నాలుగు కిలోలు.
ఉగాదికి మొదలుపెట్టి
శాంకీ చెరువు చుట్టూ చీకట్నే నడిచి
దీపావళికి అరవై మూడు చేశాను.
ఆ పదకొండూ ఎంత మర్యాదగా దిగాయో,
ఆట అయిపోయాక జనం హాల్లోంచి వెళ్లిపోయినట్టు.
మిగిలిన మూడూ మాత్రం
అద్దె కట్టని వాళ్లలా బైఠాయించాయి.

నాకూ పంతమొచ్చింది.
రాత్రి ముద్ద మానేశాను. ఆపైన పగటిదీ.
గ్లాసుడు రాగి అంబలి, చిటికెడు ఉప్పు,
దాని మీదే రోజుకి ఎనిమిది జాకెట్లు.
ముల్లు రెండు రోజులు వెనక్కి తగ్గి
మూడో రోజు మళ్లీ అక్కడికే.
దువ్వెన నిండా జుట్టు.
పక్కనే శంకరప్ప బాణలి కాగితే
కళ్లమ్మట నీళ్లొచ్చేవి, నవ్వకండి.

మాఘమాసం, పెళ్లిళ్ల రద్దీ.
ఒక మధ్యాహ్నం
చక్రం తిరుగుతోందో కొట్టు తిరుగుతోందో తెలియలేదు.
సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది.
పెళ్లికూతురి పట్టు జాకెట్టు మీద
ఎరుపులో ఎరుపు.
ఎవరికీ కనపడలేదు.

కట్టు చూసి అడిగింది ప్రతిమా మేడం.
ఆసుపత్రిలో తిండి లెక్కలు రాసే మనిషి,
లూజు పోయేలా కుట్టమని నాలుగు జాకెట్లు తెచ్చింది.
ఏం తింటున్నావంది. చెప్పాను.
తిట్టలేదు.
"వీటిని బిగించాలంటే కత్తెర ఎంత లోపలికి పెడతావు?"
కత్తెరెందుకు మేడం,
కుట్టు పావంగుళం లోపలికి జరుపుతాను,
తొడిగి చూసుకోమంటాను,
చాలకపోతే ఇంకో పావు.
"మరి?" అంది.
అంతే అంది.

బిల్లుబుక్కు వెనక ఆవిడ చేతిరాత ఇంకా ఉంది.
ఒంటికి రోజూ ఖర్చయ్యేదాంట్లో
మూడొందలు తగ్గించు, మించొద్దు.
పన్నెండొందల కిందికి దిగితే
నీ దగ్గర కుట్టించుకోను.

మూడొందలంటే ఏదో పెద్ద త్యాగమనుకున్నా.
మూడు కాఫీల్లో చక్కెర,
నాలుగింటికి శంకరప్ప చేతి రెండు బజ్జీల్లో ఒకటి,
పారేయలేక నేను మింగే
మా చిన్నాడి కంచంలో అడుగు.
అంతే!
అన్నం అన్నంలానే ఉంది, పప్పు పప్పులానే.
పైగా రాత్రికి ఒక గుడ్డు కొత్తగా చేరింది.
తూకం శుక్రవారం పొద్దున ఒక్కసారే.
రోజూ ఎక్కితే ఆ యంత్రం
నీళ్లనీ ఉప్పునీ కూడా మనమే అనుకుంటుందట.

మొదటి వారం రెండొందల గ్రాములు,
అంటే రెండు జాకెట్టు ముక్కలు.
రెండో వారం సున్నా.
ఆ తర్వాత మా వదిన ఒబ్బట్లు చేసింది,
మూడొందలు పెరిగాను, ఒబ్బట్టు బాగుంది.
ఆరు నెలలకి రెండు కిలోలు దిగాయి.
షుగరు కాగితం చూసి డాక్టరు తలూపాడు.
మూడోది?
అది కదల్లేదు.
ఉండనీ అంది ప్రతిమా మేడం.

శ్రావణంలో ఆ పెళ్లికూతురు వచ్చింది.
ఐదో నెల. మొహం నిండా సిగ్గు.
"స్వల్ప లూజ్ మాడి అక్కా, వ్రతానికి ఇదే కావాలి."
నేను ఏ జాకెట్టులోనూ గుడ్డ కోసి పారేయను.
అంగుళం లోపల మడిచి పెడతాను,
జ్వరాలకీ కాన్పులకీ
చెప్పుకోలేని బెంగలకీ.
కుట్టు విప్పాను.
మడతలో కొత్త పట్టు నిగనిగలాడింది,
దాని మధ్య ఎండిన గోధుమరంగు చుక్క.

ఇదేం మరకక్కా అంది.
నాదేలే అన్నాను.

దాని మీదుగానే కొత్త కుట్టు వేసి
పళ్లతో దారం తెంపి
గోడకవతల కేకేశాను,
శంకరప్పా, ఒకటి.