సగం మార్కు

డిసెంబరు మూడో శుక్రవారం.
మూడున్నరకే చీకటి పడింది.
జరసాయ్ దాటాక సరస్సు వంపులో మా ఊరు,
ఊరికి ఒక్క లైబ్రరీ, లైబ్రరీకి ఒక్క హీటరు,
హీటరు చుట్టూ నాలుగు జట్లు.
ప్రశ్నలు రాసేది నేను. మార్కులు వేసేదీ నేనే.
పంతొమ్మిదేళ్లుగా ఊరికి నామీద కోపం.

మొదటి ప్రశ్న అందరికీ తెలిసిందే అడుగుతాను,
ముందు నోళ్లు తెరుచుకోవాలి కదా.
కూచ్యోస్ రాత్రి, అదే, క్రిస్మస్ ముందు రాత్రి
బల్లమీద ఎన్ని వంటకాలు?
"పన్నెండు!" హాలంతా ఒకే గొంతు.
మాంసం లేకుండా, పాలు లేకుండా, గుడ్డు లేకుండా
పన్నెండు ఎలా నిండుతాయో వండేవాళ్లనడగండి.
ఒకే హెరింగ్ చేపను బీట్‌రూట్‌తో, ఉల్లిపాయతో, పుట్టగొడుగుతో పెట్టి
మూడుగా లెక్కచెప్పే ఇళ్లు నాకు తెలుసు.
"రొట్టె కూడా ఒక వంటకమే" అంది బేకరీ జట్టు.
బేకరీ జట్టు అనక ఇంకేమంటుంది.

పాలు నిషేధమైతే
గోళీలంత చిట్టి రొట్టెలు దేంట్లో నానతాయి?
"గసగసాల పాలలో" అంది స్కైద్రీతె,
రాత్రంతా నానేసి, మూడుసార్లు రుబ్బి, గుడ్డలో కట్టి...
చెబుతూ చెబుతూ ఉత్త గాలినే పిండేసింది.
ఆ మార్కు ఆమె చేతులకు వేశాను.

బల్లగుడ్డ కింద ఎండుగడ్డి ఎందుకు?
పసివాడు పశువుల తొట్టిలో పడుకున్నాడు గనక, అన్నారు చర్చి జట్టు.
ఆయన పేరు ఈ ఊరికి చేరకముందే ఉంది ఆ గడ్డి,
వచ్చిపోయే ఆత్మలకు మెత్తగా ఉండాలని, అన్నాడు బేకరీ కుర్రాడు.
మాటా మాటా పెరిగి హీటరు కన్నా వేడెక్కింది.
చెరో సగం వేశాను.
ఇద్దరూ అలిగారు.

ఆ గడ్డిలోంచి చూడకుండా పోచ లాగాలి,
పొడుగు పోచకు పొడుగు ఆయుష్షు.
(మా అత్త ఒకటి జేబులో వేసుకునే వచ్చేది.
తొంభై ఆరేళ్లు బతికింది.)

అర్ధరాత్రి కొట్టంలో పశువులు మాట్లాడతాయి. ఏమంటాయి?
కార్డు మీద జవాబు: ఎవరికీ తెలియదు,
విన్నవాడు చెప్పడానికి మిగలడు.
పశువుల డాక్టరు గింత్‌విలస్ లేచి నిలబడ్డాడు.
"మా ఎర్రావు అంది: తలుపెయ్యరా వెధవా, చలి."
నిండు మార్కు.

పదకొండో ప్రశ్న. అడగకుండా ఉండాల్సింది.
ముగ్గురున్న ఇంట్లో ఆ ఏడు ఒకరు పోతే, పళ్లేలెన్ని?
మూడే. మూడోదాని పక్కన కొవ్వొత్తి.
ఫైరింజను జట్టులోంచి ముసలి జెనోనస్ అన్నాడు:
"ఆరు."
ఎవరో కిసుక్కుమన్నారు.
"మేం మిగిలింది ఇద్దరం, నేనూ మా చెల్లెలూ. పళ్లేలు ఆరు."
పుస్తకంలో ఆ ఏడు పోయినవాళ్లకే అని ఉంది, అన్నాను.
ఆయన టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
"ఏడు తిరిగితే ఇంటిదారి మర్చిపోతారా?"

సగం మార్కు వేశాను.
ఫైరింజను జట్టు సగం మార్కుతో ఓడింది.
తేనె సీసా బేకరీవాళ్లు పట్టుకుపోయారు,
వాళ్లకేదో తీపి కరువైనట్టు.

ఇరవైనాలుగున మబ్బు. మొదటి చుక్క కనబడలేదు.
కనబడిందనే అనుకుని కూర్చున్నాను.
పన్నెండు వంటకాలూ ఉన్నాయి.
పన్నెండోది ఉప్పు, ఎవరితోనూ అనకండి.
ఒక పళ్లెం పెట్టుకున్నాను.
చాలాసేపటికి లేచి అమ్మకొకటి పెట్టాను.
పోయి తొమ్మిదేళ్లు. పుస్తకం ప్రకారం రాకూడదు.
నియమం ప్రకారం తెల్లారేదాకా బల్ల తుడవలేదు.

పొద్దున చూస్తే గసగసాల పాలు
గిన్నెలో వేలెడు కిందికి దిగాయి.
పిల్లి మూతి పట్టుకుని చూశాను. పొడిగానే ఉంది.
పిల్లులకు మూతి తుడుచుకోవడం రాదా ఏమిటి.

అయినా లైబ్రరీ తెరవగానే
మార్కుల పుస్తకం తీయాలి.
ఫైరింజను వాళ్లకు ఇంకో సగం బాకీ ఉన్నాను,
ఒక తేనె సీసా కూడా.