గదువ ఎదకు ఆనియ్యి

పొద్దుగాల ఆరున్నరకు
మర్రిగూడ హైస్కూలు గ్రౌండుల
మూడు మాటలే వినపడేటియి:
"నడుం వంచు, బొటనవేలు ముట్టు.
చేతులు తలెనుకకు పెట్టు.
గదువ ఎదకు ఆనియ్యి."

మేమది కసరత్తనుకున్నం.
ఫుట్‌బాల్‌కు మెడతోని ఏం పని అని
మూతులు దాసుకొని నవ్వినం.
ఈదయ్య సారు నవ్వలే.
వరుస పొంటి నడుసుకుంట
ఎవని వేళ్లు పాదానికి బెత్తెడు మీదనే ఆగినయో
ఎవని మెడ నడుమ ఇరికిందో
చిన్న నోటుబుక్కుల రాసుకునేటోడు.

తొంభై రెండుల సారు వచ్చిననాడు
ఆటల బీరువ తెరిస్తే
ఒక తాడు, రెండు తుప్పు డంబెల్స్, ఒక తేలు.
మొదటి జీతంల బంతి కొన్నడు.
పగిలినప్పుడల్లా బస్టాండు కాడ మల్లయ్య తాత
ఎన్ని కుట్లేసిండంటే
ఆఖరికి బంతి కంటే దారమే ఎక్కువ.
సర్వికట్టెల గోలుపోస్టులు
ఎలక్షన్ల టెంటుకని ఒకపారి మాయమైనయి.
జనాభా లెక్కలు, ఓటర్ల లిస్టు, పగటి బువ్వల గుడ్ల లెక్క,
అన్నీ పీఈటీ కొలువే.
ఆట మాత్రం ఎవ్వని కొలువూ కాదు.

మా బోరు నీళ్లు తియ్యగనే ఉండేటియి.
పండ్ల మీదనే గోధుమరంగు చారలు.
టీము ఫోటోల ఒక్కడన్న నోరు తెరిసి నవ్వలే.

బుక్కుల పేరెక్కినోన్ని సారు ఇంటికి పంపలే,
చేతికి జెండ ఇచ్చిండు.
బిక్షపతికి అట్లనే వచ్చింది.
తొమ్మిదో తరగతి, దొడ్డికాళ్లు,
ఉరికితే ముందుకు కాదు, పక్కకు పోయేటోడు.
"పక్కకు ఉరుకుడే గదరా లైన్‌మన్ పని" అన్నడు సారు.

నల్లగొండల జిల్లా సెమీఫైనల్.
రావల్సిన లైన్‌మన్ రాలే.
"మీ పోరడున్నడు గద" అని వాళ్లే అన్నరు.
ఆఖరి నిమిషంల దశరథ గోలు కొట్టిండు.
ఈ కొసన గోల్‌కీపర్ను నేను,
చేతులు లేపి ఉరుకబోయిన.
అవతలి గీత మీద
సారు పాత ఎర్ర తువ్వాల ముక్క
లేసి నిలబడ్డది.
తర్వాత పెనాల్టీలు.
రెండు నా చేతులల్లకెల్లే జారినయి,
తిట్లన్నీ వానికి.

బస్సుల వాని పక్కన ఎవ్వరం కూసోలే.
సారు పోయి కూసున్నడు.
చండూరు కాడ జామకాయ కొని
సగం కోసి వాని చేతుల పెట్టి
శాన సేపటికి అన్నడు:
"ఆఫ్‌సైడేరా అది. నేన్గూడ జూసిన."
గంతే.
ముప్పై ఏండ్లల అంతకన్న పెద్ద ఉపన్యాసం నేను వినలే.

కప్పు రాలే. అవార్డు రాలే.
ఏ బిల్లు కోసం ఎవరి ముందు నిలబడ్డా
"ఈదయ్యకు మెడ వంగదు" అనుకుంట
ఒకరెనుక ఒకరు హెడ్‌మాస్టర్లు మారిండ్రు.

రిటైర్మెంటు సభల
ఎంఈవో పొట్టి మనిషి.
దండ వెయ్యాలంటే సారు తల వంచాలె.
వంచలే.
ఆయన మునివేళ్ల మీద లేసి
రెండుమాట్ల చూసి, నవ్వి,
దండ చేతికిచ్చిండు.
జనం గూడ నవ్విండ్రు.
బిక్షపతి స్టేజి ఎనుకకెల్లి
కుంటుకుంట ఒక స్టూలు తెచ్చిండు గని
అప్పటికే జాతీయగీతం మొదలైంది.

నేను ముందు వరుసల ఉన్న.
గదువకూ ఎదకూ నడుమ
జానెడు జాగ.

అన్నేండ్లు మమ్మల్ని వంచిన మనిషి
ఒక్కనాడన్న
తాను చేసి చూపలే.
ఇప్పుడు యాదికొస్తున్నది.

నాకు నీళ్ల ట్యాంకు కాడ కొలువు.
తెల్లారగట్ల వాల్వు తిప్పుత.
కృష్ణ నీళ్లు పైపుల ఉరికే సప్పుడు
ఎవడో నా దిక్కు బంతి తెస్తున్నట్టే ఉంటది.
ఆపను.
గోడవతల కొత్త మేడం విజిలేసి
పోరగాళ్లను వరుస నిలబెడుతది.
తెల్లటి పండ్లేసుకొని ఇకిలిస్తరు వాళ్లు.
ట్యాంకు నీడల, ఎవ్వలు చూడకుండ,
నేన్గూడ నడుం వంచుత.
బొటనవేలు అందుతది.
చేతులు తలెనుకకు పోతయి.
గదువ మాత్రం
రోజుకొక తీరు.