పళ్లు కనపడని నవ్వు

పామూరు రోడ్డులో సైకిల్ షాపు మిద్దె మీద
నా కేబుల్ గది.
రెండు వీసీఆర్లు, అందులో ఒకటి పాడు.
గోడకి నీలం దుప్పటి మేకులేసి కొట్టి
దాన్నే స్టూడియో అన్నాను.
మాలకొండమ్మ మొదట కూచుంది
ఆ దుప్పటి ముందరే.

చదవాల్సినవి పెద్ద వార్తలేం కావు.
తప్పిపోయిన బర్రెగొడ్డు, ఎడమ కొమ్ము విరిగింది,
ఆచూకీ చెప్పినోళ్లకి రెండొందలు.
రేపు పొద్దుటి నుంచి కరెంటు కోత.
ఫలానా వారి పెద్దకర్మ, బంధుమిత్రులు రావలసిందిగా.
ఇంటర్ తప్పిన పిల్ల,
పోయినోళ్ల పేర్లు ఆ గొంతుతో చదువుతుంటే
వాళ్లు కాసేపు లేచి
అరుగు మీద కూచున్నట్టుండేది.

కెమెరా వెనక నుంచి ఒకసారి నవ్వమన్నాను.
నవ్వింది, పెదాలు విప్పకుండా.
మళ్లీ అడగలేదు నేను.
కనిగిరి బోరు నీళ్లు తాగిన నోరే నాదీ.
పంటికొక గోధుమరంగు చార,
మా అందరికీ ఒకే చేతి సంతకం.

తర్వాత హైదరాబాదు బస్సెక్కింది.
మొదట గొంతొక్కటే అమ్ముడుపోయిందంట.
హిందీ సీరియల్లో కోడలి ఏడుపు తెలుగులో ఏడిస్తే
ఎపిసోడుకి మూడొందలు.
"ఏడవడానికి పళ్లతో పని లేదు, ఖాజన్నా"
అంది ఎస్టీడీ బూతు నుంచి.
ఆనక ముఖం కూడా కావాలన్నారు.
మాలకొండమ్మ మాళవిక అయింది.
పళ్ల మీదికి తెల్ల తొడుగులెక్కినయ్యి.
ఏ పన్ను ఎవరి వడ్డీయో
నాలుగేళ్లు దానికి కంఠతా వచ్చు.

ఇంక చూస్కో.
తెల్లారి రాశిఫలాల స్వామి పక్కన తలూపేది అదే,
పదకొండింటికి గుత్తి వంకాయకి గాట్లు పెట్టేది అదే,
రాత్రి తొమ్మిదికి నలుగురు నాయకుల నడుమ
"ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం" అని
గొంతు చించుకునేదీ అదే.
ముప్పై మూడేళ్లకే సీరియల్లో అత్త,
కొడుకు దానికంటే రెండేళ్లు పెద్దోడు.
మా వీధి ముసలమ్మ రిమోటు పక్కన పెట్టి
"ఈ పిల్ల అన్నం ఎప్పుడు తింటదిరా" అనేది.

దయాకర్ ఎడిటరు.
దాని తడబాట్లన్నీ చెప్పకుండా కోసేసేవాడంట,
అందుకే చేసుకుంది.
కోసినయ్యి పారేయలేదు వాడు.
ఎనిమిదేళ్లకి
అన్నీ వరసగా అతికించి కోర్టుకి చూపించాడు.

కాయితాల మీద సంతకం పెట్టిన సాయంత్రమే
సరాసరి స్టూడియోకి పోయి
ఆదర్శ దంపతుల ఆట ఆడించింది.
గెలిచిన జంటకి ఫ్రిజ్జు, ఓడిన జంటకి కుక్కరు.
దుకాణం మూసి మరీ చూశాను.
నవ్వు ఎక్కడా చెదరలేదు.
పైవరసలో ఎడంపక్క తొడుగొకటి
కాస్త కదిలినట్టనిపించింది,
నా కంటికే అయ్యుంటది.

పోయిన నెల వచ్చింది,
ఎవరిదో మంచినీళ్ల ప్లాంటు రిబ్బను కత్తిరించడానికి.
మిద్దె మెట్లెక్కి నా గదికొచ్చింది, కూతురితో.
కేబుల్ పోయి మూడేళ్లు.
దుప్పటి మాత్రం ఉంది, మేకుల దగ్గర తుప్పు మరకలు.
దాని ముందు కూచుని గొంతు సవరించుకుంది.
"కెమెరా లేదమ్మా" అన్నాను.
"తెలుసు" అంది,
ఇంకేమీ చదవలేదు.

ఆ పసిది నా నోటి వంక చూసి
"తాతా, మీ పళ్లకి ఏమైంది?" అనడిగింది.
నేను దాని తల్లి వైపు చూశాను.
అప్పటిదాకా చెప్పలేదని అర్థమయింది.
సీసా నీళ్లు బయట కారులో ఉన్నయ్యి.
అయినా నా కుండలోది ముంచుకుని,
నేను వద్దంటున్నా,
గ్లాసు సగం తాగింది మాలకొండమ్మ.
కళ్లు మూసుకుంది.
"ఇదే రుచి" అంది.
"నాకూ" అని పసిది చెయ్యి చాచింది.

గ్లాసు మీద అరచెయ్యి బోర్లించింది.

ఇన్ని చానళ్లలో ఇన్నేళ్లు చూశాను దాన్ని,
ఆ చెయ్యి మాత్రం
ఎక్కడా చూళ్లేదు నేను.